చుట్టాలకు ఏం చూపిద్దాం?

పండక్కో పెళ్లికో వచ్చిన దూరపు చుట్టాలు రెండోరోజు పొద్దున టిఫిన్ చేస్తూ మెల్లగా అడుగుతారు, ‘మీ దగ్గర చూడాల్సినవి ఏమున్నయ్?’ అని. హైదరాబాద్ వాళ్లకు ఈ ప్రశ్నతో చిక్కు లేదు. చార్మినార్ ఉంది, గోల్కొండ ఉంది, తినడానికి బిర్యానీ ఉండనే ఉంది. అదే ప్రశ్న కమాన్‌పూర్‌లోనో గోదావరిఖనిలోనో ఎదురైతే ఇంటాయన ఒకసారి గోడ మీది క్యాలెండర్ కేసి చూస్తాడు. ‘మా దగ్గర ఏముంటది బావా, బొగ్గు తప్ప!’ అని నవ్వేస్తాడు. వంటింట్లోంచి ఇంటావిడ ‘కాళేశ్వరం తీస్కపోరాదుండ్రీ’ అని అందుకుంటుంది.

చుట్టాలు కారెక్కి కాళేశ్వరం వెళ్తారు. ఒకే పానవట్టం మీద ఉన్న రెండు లింగాలకు దండం పెట్టుకుంటారు. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేచోట కాళ్లు తడుపుకుంటారు. రాత్రికి రైలెక్కేస్తారు. వాళ్లు దిగిన ఊరిని మాత్రం చూడనే లేదు.

ఆ ఇంట్లోనే డిగ్రీ చదివే అమ్మాయి ఒకతి ఉంటుంది. కొరియాలో ఏ నగరానికి వెళ్తే ఏం చూడాలో, ఏ వీధిలో ఏం తినాలో గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. సియోల్‌లో పాత రాజమందిరం ముందు హన్‌బోక్ వేసుకుని ఫొటో దిగాలట. బూసాన్‌లో జగల్చి చేపల బజారుకు పోయి, కింద కొన్న చేపను పైఅంతస్తులో వండించుకుని తినాలట. జొంజు నగరానికి వెళ్తే బిబింబాప్ తినకుండా రాకూడదట. అమ్మాయి ఇంకా పాస్‌పోర్టుకు దరఖాస్తే పెట్టలేదు. చేతిలో ఫోనుంది, ఫోన్లో కొరియా సీరియళ్లున్నాయి, అంతే.

ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. వెనకటి తరం సోవియట్ పుస్తకాల తెలుగు అనువాదాలు చదివి, మే నెల ఎండలో కూర్చుని మాస్కో మంచును ఊహించుకుంది. చూడని ఊరి మీద మనసు పడటం ఆ వయసు హక్కు.

ఆ అమ్మాయికి ఒక సంగతి చెబితే ఆశ్చర్యపోతుంది. 2016లో వచ్చిన ‘డిసెండెంట్స్ ఆఫ్ ది సన్’ సీరియల్‌లో సైనిక శిబిరం కనిపిస్తుంది కదా. ఆ సెట్టు వేసింది మూతపడిన ఒక బొగ్గు గని ఆవరణలో. ఊరి పేరు తేబెక్. దక్షిణ కొరియా తూర్పున కొండల నడుమ ఉన్న ఆ నగరం అచ్చం మన గోదావరిఖని లాగే బొగ్గు కోసం పుట్టింది. రెండు గని పట్టణాలను కలిపి 1981లో దాన్ని నగరం చేశారు. గనులు జోరుగా నడిచిన రోజుల్లో లక్షా ఇరవై వేల మంది ఉండేవారు. ఇప్పుడు నలభై వేలకు లోపే. 1936లో మొదలైన అక్కడి పెద్ద గని జాంగ్‌సంగ్ 2024 జూన్ ఆఖరున మూతపడింది.

గనులు ఒక్కొక్కటే ఆగిపోతుంటే ఆ ఊరివాళ్లు చుట్టాలను పిలవడం మొదలుపెట్టారు. 1997లో బొగ్గు మ్యూజియం తెరిచారు. చొరామ్ అనే పేటలో గని కార్మికులు కాపురమున్న ఇళ్లను కూలగొట్టకుండా ఉంచారు. జాగా చాలక, వాగులోకి కాళ్లలాంటి ఊతాలు దించి, వాటిపై నిలబెట్టిన గదులవి. బయటినుంచి చూస్తే పాత దుకాణాల బోర్డులు అలాగే ఉంటాయి. లోపలికెళ్తే అప్పటి వస్తువులు, ఫొటోలు. వాగుకు ఒక ఒడ్డున చంటిబిడ్డను వీపున కట్టుకున్న ఇల్లాలి బొమ్మ, అవతలి ఒడ్డున షిఫ్టుకు పోతున్న భర్త బొమ్మ. ఆమె చెయ్యి ఊపుతూ ఉంటుంది. మన బొగ్గు బెల్టులో పుట్టిన ఎవరికైనా ఆ బొమ్మల కింద ఏం రాశారో చదివి చెప్పనక్కర్లేదు.

తేబెక్ వెళ్లినవాళ్లు తప్పక తినేది ముల్ దక్‌గల్బి. కోడిమాంసాన్ని పెనం మీద కారం పట్టించి పొడిగా వేపుకోవడం ఆ దేశంలో మరోచోటి పద్ధతి. ఇక్కడ మాత్రం అందులో నీళ్లు పోసి, ఆకుకూర, నూడుల్స్ వేసి పులుసులా ఉడికిస్తారు. గనిలోంచి వచ్చినవాడికి గొంతు నిండా దుమ్ము. పొడి మాంసం ఎలా దిగుతుంది? పులుసుంటే గొంతు తడుస్తుంది. పంది కొవ్వు తింటే ఊపిరితిత్తుల్లోని దుమ్ము జారిపోతుందని కూడా వాళ్లకో నమ్మకం ఉండేది. మన దగ్గర దుమ్ములో పనిచేసేవాళ్లు బెల్లంముక్క నోట్లో వేసుకున్నట్టే అది. డాక్టర్లు ఒప్పుకుంటారా అన్నది వేరే మాట. కష్టం చేసేవాడికి ఒక ఆసరా కావాలి, అది తియ్యగా ఉంటే మరీ మంచిది.

ఆ ఊరి నడిబొడ్డున ఒక చెరువుంది. హ్వాంగ్‌జి అంటారు. నాక్‌డాంగ్ అనే పెద్ద నదికి పుట్టుక అదేనని చెప్పుకుంటారు. దాని వెనక ఒక కథ. అక్కడ ఒకప్పుడు ఒక పిసినారి ధనవంతుడి ఇల్లుండేదట. భిక్షకు వచ్చిన బౌద్ధ సన్యాసి జోలెలో బియ్యానికి బదులు పేడ వేశాడట. కోడలు చూసి తల్లడిల్లి, మామకు తెలియకుండా బియ్యం పోసింది. సన్యాసి ఆమెను వెనక్కి చూడకుండా వెళ్లిపొమ్మన్నాడు. ఇల్లు నీళ్లలో మునిగి చెరువైంది. ఆమె ఆగలేక వెనక్కి తిరిగి చూసి రాయైపోయింది. ఇంటికొచ్చినవాడికి పిడికెడు పెట్టకపోవడం ఎంత తప్పో ఆ చెరువు అడిగినవాళ్లందరికీ చెబుతూ ఉంటుంది. పాపం, పెట్టిన కోడలు కూడా రాయి కావడమే మనసుకు పట్టదు.

ఇంతదూరం వెళ్లొచ్చాం కాబట్టి ఇక కమాన్‌పూర్ చూద్దాం.

కమాన్‌పూర్‌లో ఆదివరాహస్వామి ఉన్నాడు. బండరాయి మీద స్వయంభువుగా వెలిశాడని నమ్మకం. స్వామి రూపం ఏటికేడు పెరుగుతోందని ఊళ్లో పెద్దలంటారు. కోరిక చెప్పుకుని ముడుపు కట్టేవాళ్లు కడతారు, తీరినవాళ్లు మళ్లీ వచ్చి మొక్కు చెల్లిస్తారు. విష్ణువుకు మన దగ్గర గుళ్లు కోకొల్లలు గానీ వరాహమూర్తికి ఉన్నవి తక్కువే. తిరుమల పుష్కరిణి గట్టున ఒకటి, అక్కడ శ్రీవారికంటే ముందు వరాహస్వామిని చూడాలన్నది ఆచారం. సింహాచలంలో నరసింహుడితో కలిసి ఉన్నాడు. తమిళనాట శ్రీముష్ణంలో ఉన్నాడు. ఆ వరసలో మన కమాన్‌పూర్.

హిరణ్యాక్షుడు భూమిని చాపలా చుట్టి పాతాళానికి ఎత్తుకుపోతే, స్వామి వరాహమై కిందికి దిగి, కోరల మీద పైకి తెచ్చాడన్నది కథ. కిందికి దిగడం, విలువైనదాన్ని పైకి తేవడం. ఈ చుట్టుపక్కల మూడు షిఫ్టుల్లోనూ జరుగుతున్న పని ఇదే కదా! ఇది ఎవరూ ఆలోచించి కుదిర్చింది కాదు. స్వామి ముందునుంచీ ఉన్నాడు. బొగ్గు తర్వాత బయటపడింది. అయినా దిగిపోయేవాళ్ల ఊళ్ల పక్కన, దిగి తిరిగొచ్చిన దేవుడు ఉండటం ఎంతో బాగుందనిపిస్తుంది.

కాస్త దూరంలో బేగంపేట దగ్గర రామగిరి ఖిల్లా. శ్రావణమాసంలో కొండ పచ్చబడ్డాక సద్దులు కట్టుకుని జనం ఎక్కుతారు. వనవాసంలో రాముడు ఇక్కడ ఉన్నాడంటారు. వనమూలికలకు పేరున్న కొండ కావడంతో మొక్కల శాస్త్రం చదివే పిల్లలూ వస్తుంటారు. పైన శిథిలాలు, బురుజులు. కోటల సంగతి పెద్దగా తెలియకపోయినా నష్టం లేదు. సగం కొండెక్కి వెనక్కి తిరిగితే ఒకవైపు అడవి, మరోవైపు ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలు. ఒక గుట్ట ఎన్నడు పుట్టిందో ఎవరికీ తెలియదు. మరో గుట్ట తమ చిన్నప్పుడు లేదని ఊళ్లోవాళ్లే చెబుతారు. ఆ మట్టిగుట్టల చోట ఒకప్పుడు తమ పొలం ఉండేదని చెప్పేవాళ్లూ కనిపిస్తారు. వాళ్లు చెబుతుంటే విని ఊరుకోవడమే మర్యాద.

మంథని గురించి ఒక పుస్తకమే రాయొచ్చు. వేదం చదివిన అగ్రహారం, గోదావరి ఒడ్డు, వీధికో గుడి. కాకతీయ రుద్రదేవుడు 1163లో వేయించిన వేయిస్తంభాల గుడి శాసనంలో కనిపించే మంత్రకూటం ఇదే. అక్కడ భిక్షేశ్వరస్వామి గుడి కూడా ఉంది. ఆ కొరియా చెరువు కథ విన్నాక ఆ పేరు తలచుకుంటే, జోలె పట్టుకుని వచ్చినవాడు దేవుడై ఉంటాడేమోనన్న భయం, భక్తి ప్రతి దేశంలోనూ ఉన్నాయనిపిస్తుంది.

ఇవన్నీ సరే. ఈ ప్రాంతంలో అసలు చూడాల్సింది కంటికి కనిపించదు. అది నేల కింద ఉంది.

ముప్పయ్యేళ్లు బాయి పని, అంటే గని పని, చేసి రిటైరైన మనిషి ఇంట్లో భార్యను అడిగి చూడండి. ఆయన పనిచేసిన చోటు ఆమె ఒక్కసారి కూడా చూసి ఉండదు. ఆమెకు తెలిసిందల్లా ఆ చోటు ఇంటికి పంపిన గుర్తులు. బట్టలు ఉతికితే వచ్చే నల్లటి నీళ్లు తెలుసు. స్నానం చేసొచ్చినా కంటిరెప్పల అంచున కాటుకలా మిగిలే బొగ్గు తెలుసు. సద్దిగిన్నె ఖాళీగా వస్తే ఆ రోజు బాగా జరిగిందని, సగం మిగిలితే లోపల ఏదో అయిందని లెక్క తెలుసు. సైరన్ వేళకు మోగితే వంట మొదలుపెట్టడం, వేళకానివేళ మోగితే పొయ్యి మీది గిన్నె వదిలి గుమ్మంలోకి రావడం తెలుసు. ‘లోపల ఎట్లుంటది?’ అని పిల్లలడిగితే నాన్న చెప్పేది ఒక్కటే, ‘ఏముంటది బిడ్డా, చీకటి.’

2022 ఆఖర్లో ఆర్టీసీ, ఇక్కడి గనులు నడిపే సింగరేణి సంస్థ కలిసి ‘సింగరేణి దర్శన్’ అని ఒక యాత్ర మొదలుపెట్టాయి. బస్సులో తీసుకొచ్చి భూగర్భ గనిని, ఓపెన్‌కాస్టును, జైపూర్ విద్యుత్ కేంద్రాన్ని చూపించే ఏర్పాటు. అప్పుడు కొందరు ఇళ్లలో నవ్వుకున్నారు, ‘గిది చూడ్డానికి పైసలు పెట్టి వస్తరా?’ అని. వస్తారు మరి. తలకు హెల్మెట్, దానికి దీపం తగిలించుకుని లోపలికి నడిచి, ఒక్క నిమిషం దీపాలన్నీ ఆర్పేస్తే తెలుస్తుంది, మనకు ఇన్నాళ్లూ తెలిసింది చీకటి కాదని. ఇంట్లో స్విచ్చు ఆపితే వచ్చేదాన్లో కిటికీ ఉంటుంది, వీధి ఉంటుంది, అవతలివాళ్ల టీవీ వెలుగుంటుంది. కింద ఉండే చీకట్లో మన చెయ్యి మనకే ఉండదు. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైనప్పటి నుంచి తరాల తరబడి మనుషులు ఆ చీకట్లోకే మస్టర్ వేయించుకుని వెళ్లొస్తున్నారు. అది చూడదగ్గ స్థలం కాకపోతే మరేది?

ఇక తిండి దగ్గరికి వద్దాం. చుట్టాలకు అసలు ఆసక్తి ఇక్కడే.

గోదావరిఖనిలో గడియారం ఏడు, మూడు, పదకొండు అని కొడుతుంది. పొద్దున ఏడింటికి మొదటి షిఫ్టు, మధ్యాహ్నం మూడింటికి రెండోది, రాత్రి పదకొండింటికి నైట్ షిఫ్టు. హోటళ్లు ఆ గడియారం మీదే నడుస్తాయి. ఊళ్లో కోళ్లింకా కూయకముందే చౌరస్తాలో పాలు పొంగుతుంటాయి. ఇడ్లీపాత్ర మూత తీయగానే లేచిన ఆవిరిలో హోటలాయన మొహం ఒక క్షణం కనిపించదు. ఆ ఆవిరిలోంచే చెయ్యొకటి బయటికొచ్చి, ఆకు మీద నాలుగు ఇడ్లీలు, దోసెడు పల్లీచట్నీ పడేస్తుంది. ‘ఇంత చట్నీయా!’ అని కొత్తవాడు బిత్తరపోతాడు. అక్కడ తినేవాళ్లకు అది తక్కువే. మళ్లీ మూడింటిదాకా కడుపు నిలబడాలి. నిలబడే తింటారు, గ్లాసెడు ఛాయ్ రెండు గుక్కల్లో తాగుతారు, బండి తీస్తారు. బాయి దగ్గరి గుడికి ఒక దండం పెట్టి లోపలికి పోతారు.

మూడు దాటాక మెస్సులు నిండుతాయి. మిగతా లోకంలో భోజనాల వేళ అయిపోయి గిన్నెలు కడుక్కుంటున్న సమయంలో ఇక్కడ అన్నం పొగలు కక్కుతుంది. పచ్చిపులుసు, పప్పు, ఒక వేపుడు, మాంసం తినే వారమైతే బోటీ, తలకాయకూర. పచ్చిపులుసు ముందు కలుపుకోవడం చూస్తే తేబెక్ వాళ్ల కోడిపులుసు గుర్తొస్తుంది. ఎండిన గొంతు ఏ దేశంలోనైనా అడిగేది తడినే.

రాత్రి పదకొండు దాటాక మరో వేడుక. రెండో షిఫ్టు దిగినవాళ్లు, నైట్ షిఫ్టుకు పోయేవాళ్లు ఒకే బండి దగ్గర కలుస్తారు. వచ్చేవాడికి ఆమ్లెట్, పోయేవాడికి ఛాయ్. మిర్చీబజ్జీని మధ్యకు చీల్చి ఉల్లిగడ్డ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి ఇస్తారు. లోపల ఏ పనిస్థలంలో ఎలా ఉందో, ఎవరు నాగా పెట్టారో, ఎవరి కూతురికి సంబంధం కుదిరిందో ఆ అయిదు నిమిషాల్లో చేతులు మారుతుంది. దసరా ముందు సింగరేణి లాభాల వాటా పడ్డ రోజుల్లో ఆ బండ్ల దగ్గర మాటలు ఇంకాస్త పెద్దగా వినిపిస్తాయి.

ఈ తిండి ఒక్క ఊరిది కూడా కాదు. కరీంనగర్ పల్లెల నుంచి సర్వపిండి, సకినాలు వచ్చాయి. కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు పెసరట్టు తెచ్చారు. ఒకప్పుడు గోరఖ్‌పూర్ నుంచి బాయి పనికి వచ్చినవాళ్లు రొట్టెలు కాల్చుకున్నారు. ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం వచ్చాక దేశం నలుమూలల వంటలూ రామగుండం చేరాయి. నది ఉంది కాబట్టి చేపలపులుసుకు లోటు లేదు. ఏ పాకశాస్త్ర పండితుడూ కూర్చుని దీన్ని రామగుండం రుచి అని పేరు పెట్టలేదు. ఎవరి ఆకలి వాళ్లు మూటగట్టుకొచ్చి ఇక్కడ విప్పారు.

ఫోన్లో చుక్కలు లెక్కపెట్టి హోటల్ ఎంచుకునే కాలమిది. బాయి దగ్గరి హోటల్‌కు చుక్కలు వేసే తీరిక ఎవరికుంది? తిన్నవాడు చెయ్యి కడుక్కుని షిఫ్టుకు పోతాడు, లేదా ఇంటికి పోయి పడుకుంటాడు. మర్నాడు మళ్లీ అక్కడికే వస్తాడు. అలసినవాళ్లకు పెట్టే చోట తిండి బాగుంటుందని నా గట్టి నమ్మకం. ఊసుపోక వచ్చినవాడికి అలంకరణ చాలు. ఎనిమిది గంటలు ఒళ్లొంచి వచ్చినవాడిని మోసం చేయడం కష్టం.

తేబెక్‌లో ఆ కోడిపులుసు గనులు జోరుగా నడిచినన్నాళ్లూ ఉత్త తిండే. దాన్ని వెతుక్కుంటూ సియోల్ నుంచి ఎవరూ రాలేదు. గనులు మూతపడుతూ, తినే కార్మికులు తగ్గిపోతూ ఉంటే అది ఊరి ప్రత్యేక వంటకమైంది. ఇప్పుడు అది తినడానికే వెళ్తున్నారు. అక్కడ కూర్చుని, గోడ మీది పాత ఫొటోల్లో నల్లబడ్డ మొహాలు చూస్తూ తింటున్నారు. ఆ ఫొటోల్లోవాళ్లు పక్క బల్ల దగ్గర కూర్చుని ఉంటే ఆ పూట ఇంకా బాగుండేది కదా అనిపిస్తుంది.

మన దగ్గర ఆ పక్క బల్ల ఇంకా ఖాళీ కాలేదు. ఇక్కడా భూగర్భ గనులు కొన్ని ఆగిపోయాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి, పాత ఇంక్లైన్ల పేర్లు కొన్ని కాలనీల పేర్లుగా మాత్రమే మిగిలాయి. యైటింక్లయిన్ కాలనీ అంటే ఈ తరం పిల్లలకు బస్టాపు. అయినా సైరన్ మోగుతోంది. ఏడింటికి, మూడింటికి, పదకొండింటికి మనుషులు దిగుతున్నారు, ఎక్కుతున్నారు.

రావాలనుకునేవాళ్లకు ఒక మాట. మే నెలలో రాకండి, రామగుండం ఎండ చుట్టరికం చూడదు. కొండెక్కాలంటే శ్రావణం బాగుంటుంది, తీరిగ్గా తిరగాలంటే డిసెంబరు, జనవరి. రైల్లో వస్తే రామగుండంలోనో పెద్దపల్లిలోనో దిగొచ్చు. పొద్దున్నే ఆదివరాహస్వామిని చూసుకుని, మంథని వెళ్లి, మధ్యాహ్నం మూడింటికల్లా గోదావరిఖని చేరుకోండి. ఏ మెస్సు ముందు ఎక్కువ బండ్లు ఆగి ఉంటే అందులోకి వెళ్లండి. బల్ల మీద ఎదుటాయన మాట కలిపితే తొందరపడి ఫోన్ తీయకండి, ఆయన లోపలి సంగతులు చెబుతాడు. పోయేముందు హోటలాయనకు కూర బాగుందని ఒక మాట చెప్పండి. అక్కడ ఆ మాట చెప్పే తీరిక చాలామందికి ఉండదు.